కాగితం మీద తగ్గిన థైరాయిడ్

నాకు ఏదో అయిందని మొదట కనిపెట్టింది డాక్టరు కాదు, ఒక గిరాకీ.

కోరుట్లలో మాకు బట్టల దుకాణం ఉంది. లంగా బట్ట, లుంగీలు, తువ్వాళ్లు, రోజూ కట్టుకునే చీరలు అమ్ముతాం. సరుకంతా సిరిసిల్ల నుంచే వస్తుంది. ఆ మాటకొస్తే నేనూ అక్కడి నుంచే వచ్చాను. మా తల్లిగారిల్లు సిరిసిల్ల. తమ్ముడు ఇప్పటికీ కరెంటు మగ్గాలు నడిపిస్తాడు, వాటిని అక్కడ సాంచాలంటారు. సాంచాల చప్పుడులో పెరిగినవాళ్లకు మెల్లగా మాట్లాడటం చేతకాదు. పెళ్లయి కోరుట్లకు వచ్చిన కొత్తలో నేను మంచినీళ్లడిగినా కొట్లాటకు దిగాననుకునేవారు. దుకాణంలో కూర్చోవడం మొదలుపెట్టాక ఆ గొంతే పనికొచ్చింది. నాతో బేరమాడటానికి మల్లాపూర్ నుంచి, ముత్యంపేట నుంచి పనిగట్టుకుని వచ్చే ఆడవాళ్లున్నారు. వాళ్లకు బట్ట కంటే బేరం ముఖ్యం. నేను ఒకటంటాను, వాళ్లు రెండంటారు, చివరికి నన్ను మొండిదాన్నని తిట్టి నవ్వుకుంటూ వెళ్తారు. నాకూ అదే కడుపునిండిన భోజనం.

అలాంటి పాత గిరాకీ ఒకామె ఆ రోజు లంగా బట్ట చేతిలోకి తీసుకుని, అలవాటు ప్రకారం సగం ధరకు అడిగింది. నేను "తీస్కపో" అన్నాను.

ఆమె బట్ట కింద పెట్టేసింది. నా ముఖంలోకి వంగి చూసింది.

"ఏమైందే నీకు? పానం మంచిగలేదా?"

"మంచిగనే ఉన్న."

"మంచిగుంటె గిట్లెందుకిస్తవ్? నాకద్దు. నువ్వు మంచిగైనంక అస్త."

బట్ట కొనకుండానే వెళ్లిపోయింది. సగం ధరకిచ్చినా తీసుకోని గిరాకీని నా జన్మలో చూడలేదు. మామూలు రోజైతే ఆ సంగతి సాయంత్రం దాకా అందరికీ చెప్పి నవ్వేదాన్ని. ఆ రోజు నవ్వడానికి కూడా ఓపిక లేదు. బట్టల తానుకు ఆనుకుని కళ్లు మూసుకున్నాను.

ఆ తర్వాత ఒక్కొక్కటీ బయటపడ్డాయి. ఎండలు మండిపోతుంటే నేను శాలువా కప్పుకుని కూర్చునేదాన్ని. మా ఆయన ఫ్యాను వేసేవాడు, నేను ఆపేదాన్ని, ఆయన మళ్లీ వేసేవాడు. కళ్ల కింద వాపు. గాజులు బిగుసుకుపోయాయి. గొంతు బొంగురుపోయి, ఫోనెత్తి హలో అంటే అవతలివాళ్లు "అన్నా, అక్కకియ్యే" అనేవారు. దువ్వెన నిండా వెంట్రుకలు. కూర్చున్న చోటే నిద్ర. పైగా టీవీలో సబ్బు ప్రకటన చూసినా కళ్లల్లో నీళ్లు తిరిగేవి. ఆ సబ్బు ప్రకటనలో ఏడ్వడానికి ఏముందో నాకే తెలియదు.

మా వాడకట్టులో ప్రతి మనిషీ సగం డాక్టరే. రక్తం తక్కువుందని ఒకరు, షుగర్ వచ్చిందని ఒకరు చెప్పారు. మా అత్త మాత్రం దిష్టి అని తేల్చేసి ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటుకు మా ఆయన దగ్గీ దగ్గీ బయటికి పరుగెత్తాడు. నేను దగ్గను కూడా దగ్గలేదు, నిద్రపోతున్నాను. మా ఆయన మాటలు తక్కువ మనిషి. ఆ రోజు మాత్రం తలుపు దగ్గర నిలబడి, "గిది దిష్టి గాదమ్మా, రేపు రక్తం సూపిద్దాం" అన్నాడు.

కోరుట్లలోనే ల్యాబులో రక్తమిచ్చాం. కాగితం మీద టీఎస్‌హెచ్ అని ఒక వరుస, దాని ఎదురుగా లావుపాటి అక్షరాలతో పెద్ద అంకె. ఉండాల్సిన దానికి ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ కాగితం పట్టుకుని ఇద్దరం జగిత్యాల డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన నా మెడ తడిమి చూసి, థైరాయిడ్ గ్రంథి పని తగ్గించేసిందని చెప్పాడు. పొద్దున్నే పరిగడుపున ఒక గోలి వేసుకోవాలి, గంట దాకా చాయ్ తాగొద్దు, గోలి మనంతట మనం ఎక్కువ తక్కువ చెయ్యొద్దు, చేస్తే గుండె దడ వస్తుందని గట్టిగా చెప్పి పంపాడు.

ఇంటికొచ్చాక అసలు పరీక్ష మొదలైంది. మా అత్తకు అర్థమయ్యేలా చెప్పాలి.

మా అత్త గురించి కొంచెం చెప్పాలి. మా మామ తాటిచెట్లెక్కి కల్లు తీసిన మనిషి. ఆయన దించుకొచ్చిన కల్లును మా అత్త కూర్చుని పోసేది. కొలిచి పోశాక, పైన కొంచెం కొసరు వెయ్యకుండా ఆమె ఎవరినీ పంపలేదట. మామ పోయాడు, కల్లు పోయింది, మేము బట్టల్లోకి వచ్చాం. కొసరు మాత్రం ఆమె చేతిని వదల్లేదు. అన్నం పెట్టినా కొసరే, ముద్దు చేసినా కొసరే, తిట్టినా చివర ఒక తిట్టు కొసరే.

"ఎక్కువున్నదా, తక్కువున్నదా? ఒక్కటి చెప్పు," అంది.

"టీఎస్‌హెచ్ ఎక్కువున్నదత్తా. థైరాయిడ్ తక్కువున్నది."

"రెండూ నీ ఒంట్లనేనా?"

మా ఆయన తల గోక్కున్నాడు. డాక్టరు చెప్పింది నాకూ సగమే అర్థమైంది, కానీ ఆమెను చూస్తుంటే మిగతా సగం తట్టింది.

"అత్తా, పొద్దుగాల నువ్వు నన్ను లేపుతవు సూడు. ఒక్క పిలుపుకే లేస్తె మెల్లగనే పిలుస్తవు. లేవకపోతె వాడకట్టంత ఇనబడేటట్టు ఒర్రుతవు. గా ఒర్రుడే టీఎస్‌హెచ్. అది ఎంత ఎక్కువుంటె, లేవాల్సింది అంత మొద్దునిద్రల ఉన్నట్టు."

"అంటె తప్పు ఒర్రినదానిది గాదు, పండుకున్నదానిది."

"బరాబర్."

"గా డాక్టరు మంచోడు," అంది సంతోషంగా.

నిజం చెప్పాలంటే ఆ రోజు ఇంట్లో అందరికంటే సంతోషించింది నేను. రోగం వచ్చినందుకు ఎవరైనా సంతోషిస్తారా అంటే నేను సంతోషించాను. ఆ నెలల్లో నన్ను భయపెట్టింది వాపు కాదు, వెంట్రుకలు కాదు. నేను మారిపోతున్నాను. ఎవరేమన్నా ఊ అనే మనిషినైపోతున్నాను. గిరాకీ వస్తే ఎందుకొచ్చిందా అనిపించేది. వయసు పెరిగి ఇలా అయ్యానా, నా బుద్ధే మారిందా, ఇక మిగిలిన బతుకంతా ఇలా మూలన కూర్చున్న మూటలాగే ఉంటానా అని లోపల గుబులు. ఇప్పుడు డాక్టరు దానికో పేరు పెట్టాడు. ఇది నేను కాదు, నా మెడలో ఉన్న గ్రంథి. దానికి గోలి ఉంది. గోలి వేసుకుంటే నేను తిరిగొస్తాను. ఆ మాటనే రోజుకు పదిసార్లు నాకు నేను చెప్పుకునేదాన్ని.

ఒక నెల అన్నీ సక్రమంగానే నడిచాయి. కొంచెం కొంచెంగా చలి తగ్గింది. ఒకరోజు కూరగాయల బండి ఆయనతో రెండు మాటలు గట్టిగా మాట్లాడాను కూడా. సరిగ్గా అప్పుడే మా అత్త తన మొక్కు సంగతి బయటపెట్టింది. నా కాగితం మీద అంకె చూసిన రోజే ఆమె వేములవాడ రాజన్నకు మొక్కుకుందట. నా థైరాయిడ్ దిగిపోతే నా తలనీలాలిస్తానని.

"నా జుట్టును నన్నడగకుండనే మొక్కుకున్నవా?" అన్నాను.

"నాదెట్ల మొక్కుత? నా నెత్తి మీద ఏమున్నది?" అంది. ఆమె నెత్తి మీద నిజంగానే నిమ్మకాయంత ముడి.

మొక్కు బాగానే ఉంది కానీ, ఆమెకు కొత్త దిగులు పట్టుకుంది. నా జడ రోజురోజుకూ సన్నబడుతోంది. దేవుడికిస్తానన్నది ఎలుక తోకలా ఉంటే ఏం మర్యాద? అందుకని మెడికల్ షాపుకు వెళ్లి, జుట్టు పెరిగే గోలీలు ఒక డబ్బా తెచ్చింది. పొద్దున నేను థైరాయిడ్ గోలి వేసుకుని, గంట ఆగి, చాయ్ తాగగానే ఆమె అరచేతిలో ఆ గోలీలు పట్టుకుని ఎదురుగా నిలబడేది. రాత్రి పాలతో మళ్లీ. థైరాయిడ్ గోలిని ముట్టుకోవాలంటే ఆమెకు భయం, గుండె దడ మాట గుర్తుంది. వెంట్రుకల గోలీలకు ఎవరూ భయం చెప్పలేదు. నేను లెక్క చూడలేదు. ఆమె పెట్టింది మింగేదాన్ని.

మళ్లీ పరీక్ష చేయించాల్సిన వేళ వచ్చింది. పొద్దున్నే అత్త ఇచ్చిన గోలీలు మింగి, ఆ ల్యాబులోనే రక్తమిచ్చి దుకాణానికి వెళ్లాను. మా దగ్గర ఒక అలవాటుంది. జగిత్యాలకు ఎవరు వెళ్తుంటే వాళ్ల చేతికి కాగితం ఇచ్చి పంపిస్తాం. మనిషి ఎందుకు, రక్తం వెళ్లింది కదా. మా ఆయనకు జగిత్యాలలో పనుండి వెళ్తూ కాగితం పట్టుకెళ్లాడు. ఈసారి అంకెలన్నీ తారుమారు. ఒర్రే టీఎస్‌హెచ్ నోరు మూసేసుకుంది, ఉండాల్సిన దానికంటే కిందికి పడిపోయింది. థైరాయిడ్ హార్మోను పైకి పోయింది.

"మందు ఎక్కువైంది, సగం చెయ్యండి. ఆమె రాలేదా?" అని అడిగాడట డాక్టరు.

"దుకాణంల ఉన్నది సార్," అన్నాడట మా ఆయన.

సగం చేశాం. కొన్ని వారాలకు మళ్లీ రక్తమిచ్చాను, మళ్లీ కాగితం ఒక్కటే వెళ్లింది. అంకెలు ఇంకా అలాగే ఉన్నాయి. డాక్టరు ఈసారి గోలి పూర్తిగా ఆపేయమని, తర్వాత తప్పకుండా నన్ను వెంట తీసుకురమ్మని చెప్పాడు. ఇంట్లో పండుగ. మా అత్త వాడకట్టంతా తిరిగి కోడలి థైరాయిడ్ దిగిపోయిందని చెప్పింది. అందరూ రాజన్న మహిమ అన్నారు.

నేను మాత్రం మంచం దిగలేకపోతున్నాను.

శాలువా మళ్లీ వచ్చింది. ముఖం ఉబ్బింది. మెట్లెక్కితే కాళ్లు నావి కానట్టుండేవి. పక్కింటి అమ్మాయి ఫోనులో చదివి వినిపించింది. థైరాయిడ్ ఎక్కువైతే మనిషి సన్నబడుతుందట, చెమటలు పడతాయట, నిద్ర పట్టదట, చేతులు వణుకుతాయట. నేను లావెక్కుతున్నాను, వణికేది చలికి, నిద్ర పట్టడం కాదు, నిద్రే నన్ను పట్టుకుని వదలడం లేదు. "ఆంటీ, మీరు అన్నిటికీ ఉల్టా ఉన్నరు," అంది ఆ పిల్ల. ఒక్క అలసట మాత్రం రెండు జాబితాల్లోనూ ఉంది. అందరూ దాన్ని పట్టుకున్నారు. ఎక్కువైంది కాబట్టి అలసట, గోలి ఆపాం కాబట్టి తగ్గుతుంది, ఊరికే పరేషాన్ కావొద్దు అన్నారు. నా మాట కంటే కాగితం మాటకు విలువ ఎక్కువ. కాగితం మీద అంకెలుంటాయి కదా.

ఒక మధ్యాహ్నం దుకాణంలో ఒక గిరాకీతో మా ఆయన బేరం చేస్తున్నాడు. ఆయనకు బేరం రాదు. ఆమె అడిగిన ధరకే ఇవ్వబోతూ నా వైపు చూశాడు, నేను అడ్డుపడతానేమోనని. నేను అడ్డుపడలేదు. ఆమె వెళ్లాక నాకు ఏడుపు ఆగలేదు.

"ఏమైందే?" అన్నాడు కంగారుగా.

"రోగం పోయిందని కాగితంల ఉన్నది. రోగం పోయినంక గూడ నేను గిట్లనే ఉన్ననంటె, ఇగ నేను గింతేనేమో."

ఆయన లేచి వెళ్లి ఎదురుగా ఉన్న హోటల్ నుంచి చాయ్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. అది చల్లారిపోయేదాకా పట్టుకుని కూర్చున్నాను. ఆ రోజుల్లో అంత చెడ్డ రోజు ఇంకోటి లేదు.

రోగం దిగింది కాబట్టి మొక్కు తీర్చాలని మా అత్త తొందర. అదే సమయంలో సిరిసిల్లలో మా అమ్మకు మోకాలి నొప్పి ఎక్కువైంది. ముందు నేను వెళ్లి అమ్మ దగ్గర కొన్నాళ్లుండాలని, తర్వాత సోమవారం అత్త, మా ఆయన వేములవాడకు వస్తే అక్కడ కలుసుకుని మొక్కు తీర్చాలని అనుకున్నాం. కోరుట్లలో బస్సెక్కి, రుద్రంగి దాకా మెలకువగా ఉన్నాను, ఆ తర్వాత సిరిసిల్లలో కండక్టరు లేపాడు. జుట్టు గోలీల డబ్బా కోరుట్లలో అల్మారాలోనే ఉండిపోయింది.

అమ్మను చూసుకోవడానికి వెళ్లిన నన్ను అమ్మే చూసుకుంది. వారం గడిచింది. ఒక పొద్దున మా తమ్ముణ్ని పిలిచి, నన్ను చూపిస్తూ చెప్పింది.

"గీమె నా బిడ్డ కాదు. అచ్చి వారమాయె, నీతోని ఒక్కసారన్న లొల్లి పెట్టుకోలే. నువ్వు మొన్న కూర మాడగొట్టినవ్, అయినా మెసలకుంట తిన్నది. గీమెను దవాఖానకు తీస్కపో."

"మొన్ననే రక్తం సూపిచ్చుకున్న అమ్మా, తగ్గిందన్నరు," అన్నాను.

"ఎవలన్నరు? నాకు కండ్లు లేవా?"

తమ్ముడు సిరిసిల్లలో రక్తం ఇప్పించాడు. సాయంత్రానికి కాగితం వచ్చింది. టీఎస్‌హెచ్ మొదటిసారి కంటే ఎక్కువ. నోరు మూసుకున్నదనుకున్నది ఊరంతా వినబడేటట్టు అరుస్తోంది.

ఆ రాత్రి ఫోనులో కోరుట్లకూ సిరిసిల్లకూ యుద్ధం జరిగింది. మా అత్త అక్కడి నుంచి, "మీ సిరిసిల్లోళ్లకు బట్ట కొలుసుడు ఎరుక గని నెత్తురు కొలుసుడు ఏమెరుక?" అంది. మా అమ్మ ఇక్కడి నుంచి, "మీ కోరుట్ల మిషిన్ల నీళ్లు పోస్తరా, నెత్తురు పోస్తరా?" అంది. ఇద్దరికీ నేను బాగుండాలనే. కానీ ఒకరి కాగితం నిజమైతే ఇంకొకరిది అబద్ధం. మొక్కు సంగతి కూడా గాల్లో ఉండిపోయింది. రోగం పోయిందంటే ఇవ్వాలి, పోలేదంటే ఇవ్వనక్కర్లేదు. చివరికి మా అత్తే దారి చూపింది. "రాజన్నకేం తొందర లేదు, ముందుగాల జగిత్యాల పోదాం."

నేను ఆ కాగితం దిండు కింద పెట్టుకుని పడుకున్నాను. ఎవరికీ చెప్పలేదు కానీ, సిరిసిల్ల కాగితమే నిజం కావాలని కోరుకున్నాను. కోరుట్లదే నిజమైతే నాకు రోగం లేదు, నేనే ఇలా అయిపోయాను. దానికి గోలి లేదు. జబ్బు ఉండాలని దేవుణ్ని అడగడం ఎంత వింతో అప్పుడు తట్టలేదు. రాజన్నా, నాకు థైరాయిడ్ ఉండాలె అని నిద్రపోయేదాకా అనుకున్నాను.

జగిత్యాలకు ముగ్గురం వెళ్లాం, నేను సిరిసిల్ల నుంచి నేరుగా, మా ఆయన, అత్త కోరుట్ల నుంచి. చాలా రోజుల తర్వాత డాక్టరు నన్ను చూశాడు. చూడగానే కుర్చీలో ముందుకు జరిగాడు. నా చెయ్యి పట్టుకుని చల్లగా ఉందన్నాడు. నాడి చూశాడు. మోకాలి మీద చిన్న సుత్తితో కొడితే కాలు బద్ధకంగా లేచి బద్ధకంగా దిగింది. నా బొంగురు గొంతు విన్నాడు. తర్వాత కోరుట్ల కాగితాలు, సిరిసిల్ల కాగితం పక్కపక్కన పెట్టాడు.

"మనిషిని చూస్తే సిరిసిల్ల రిపోర్టు నిజమనిపిస్తున్నది. ఈమెను చూడకుండ గోలి ఆపమనడం నా తప్పు," అని మా ఆయన వైపు చూశాడు. "ఇంకేమన్నా మందులు వాడుతున్నావా అమ్మా?"

"ఏం లేవు సార్."

నా దృష్టిలో అది నిజం. వెంట్రుకల కోసం మింగేది మందెలా అవుతుంది?

అప్పుడు మా అత్త ముందుకొచ్చింది. "ఏం లేవంటదేంది? నేను పెడుతున్న గద సారూ, జుట్టు గోలీలు," అని సంచిలోంచి డబ్బా తీసింది. వారం రోజులు నేను మింగలేదు కదా, ఆ బాకీ తీర్చడానికి వెంట తెచ్చిందట.

డాక్టరు డబ్బా తిప్పి చదివాడు. "రోజుకు ఒకటి అని ఉన్నది. ఎన్ని వేస్తున్నవ్ పెద్దమ్మా?"

"పొద్దున రెండు, మాపటికి రెండు. ఒకటి డబ్బ మీద రాసింది, మిగిలినయి కొసరు," అంది గర్వంగా.

డాక్టరు నవ్వు ఆపుకోలేకపోయాడు. వెనక్కి వాలి నవ్వి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు. తర్వాత నిదానంగా చెప్పాడు. జుట్టు గోలీల్లో బయోటిన్ అనే విటమిన్ ఉంటుంది. దానివల్ల నా ఒంటికేమీ కాలేదు. కానీ అది రక్తంలో ఎక్కువగా ఉంటే కొన్ని ల్యాబు మిషన్లు మోసపోతాయి. తక్కువున్న హార్మోనును ఎక్కువని, ఎక్కువున్న టీఎస్‌హెచ్‌ను తక్కువని చూపిస్తాయి. మొదటిసారి కోరుట్ల కాగితం సరైనదే, అప్పుడు గోలీలు లేవు. తర్వాత రెండుసార్లు గోలీలున్నాయి. సిరిసిల్లలో వారం రోజులు డబ్బా లేదు.

"నీ థైరాయిడ్ తగ్గలేదమ్మా. కాగితం మీద తగ్గింది. నిజమో కాదో ఇప్పుడే చూద్దాం, ఈ గోలీలు ముట్టుకోకుండా ఉన్నావు కదా."

కింద ల్యాబులో రక్తమిచ్చి, మధ్యాహ్నం దాకా బెంచీ మీద కూర్చున్నాం. కాగితం వచ్చింది, డాక్టరు చూసి నా ముందుకు జరిపాడు. టీఎస్‌హెచ్ సిరిసిల్లలో ఉన్నంత ఎత్తులోనే ఉంది.

"నాకు రోగం ఉన్నది!" అని అరిచాను. ఆ బొంగురు గొంతుతో అరిస్తే వరసలో కూర్చున్నవాళ్లంతా తలలు తిప్పారు. ఎవరో ముసలాయన జాలిగా "అయ్యో బిడ్డా" అన్నాడు. నేను నవ్వుతున్నాను, కళ్లల్లో నీళ్లు కారుతున్నాయి. మా ఆయన దస్తీ ఇచ్చాడు. బస్టాండు దగ్గర జిలేబీ కొనిపించి, డాక్టరు గారి కాంపౌండరుకు కూడా పంపాను. రోగం ఉందని జిలేబీ పంచిన మనిషిని జగిత్యాల అంతకుముందు చూసి ఉండదు.

మా అత్త మాత్రం జిలేబీ ముట్టలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బెంచీ చివర కూర్చుంది.

"నా కొసరే నీ కొంపముంచింది గద బిడ్డా," అంది.

"దేవునికిచ్చే జుట్టు మీద నీకు గంత ఆశ," అని ఏడిపించాను.

"దేవునికి గాదే." తల దించుకుంది. "మొక్కుడైతె మొక్కిన. గని నువ్వు గుండుతోని దుకాణంల కూసుంటె నా మనసొప్పుతదా? గట్ల మస్తు పెరిగితె, మూడు కత్తెరలిచ్చి మిగిలింది నీ నెత్తి మీదనే ఉంచుదామని ఏసిన."

నాకు ఆమె మీద కోపం రాలేదు. ఆ ముసలి చేతులు పొద్దునా రాత్రీ నా ముందు చాపి నిలబడటం గుర్తొచ్చి, ఒక జిలేబీ విరిచి ఆమె నోట్లో పెట్టాను. కాస్త పెద్ద ముక్కే పెట్టాను, కొసరుతో సహా.

పాత మోతాదులో గోలి మళ్లీ మొదలైంది. డబ్బా పక్కింటి అమ్మాయికిచ్చేశాం, పరీక్షలకు ముందు మింగొద్దని చెప్పి మరీ. ఆ తర్వాత కాగితాలు ఒక్కటే ఎక్కడికీ వెళ్లలేదు, వాటి వెంట నేనూ వెళ్లాను. అంకె మెల్లమెల్లగా దిగింది. ఈసారి అది దిగేకొద్దీ నేను పైకి లేస్తున్నాను. అయినా నాకు నమ్మకం కుదరలేదు. ఒకసారి మోసపోయినదాన్ని. కాగితం బాగుందంటుంది, నేను బాగున్నానా అని పొద్దున్నే అద్దంలో చూసుకునేదాన్ని. అద్దం ఏం చెప్తుంది?

అంకె పూర్తిగా దారికొచ్చాక, ఒక సోమవారం ముగ్గురం వేములవాడ వెళ్లి మూడు కత్తెరలిచ్చి వచ్చాం. తిరిగొచ్చేటప్పుడు బస్టాండు నిండా జనం. ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం కావడంతో కోరుట్ల బస్సు ఆగకముందే కిటికీల దగ్గర తోపులాట. నేను కిటికీలోంచి దస్తీ వేసి ముగ్గురి సీటు పట్టాను. లోపలికెక్కి చూస్తే ఒక పెద్దమనిషి దస్తీని పక్కకు నెట్టేసి, కాళ్లు చాపుకుని కూర్చుని ఉన్నాడు.

"ఓ అన్నా, దస్తీ ఏసిన సీటది," అన్నాను.

"సీటు మీద నీ పేరు రాసున్నదా?"

"పేరు లేదు, దస్తీ ఉన్నది. నీ పేరేడ రాసున్నదో జర సూపియ్యి, మేం నిలబడే పోతం. కిటికీల నుంచి చెయ్యి వెట్టి ఏసినప్పుడు నా గాజులు పలిగినయ్, గా గాజులు నువ్విస్తవా? ముసలామెను నిలబెట్టి నువ్వు కాళ్లు సాపుతవా? ఇంటికాడ మీ అమ్మ లేదా? లే ముందు, లేసినంక మాట్లాడుదాం!"

ఎప్పుడు గొంతు పెరిగిందో నాకు తెలియదు. బస్సు ఈ చివర నుంచి ఆ చివరికి వినబడింది. వెనక సీట్లో ఆడవాళ్లు "చెప్పక్కా, చెప్పు" అన్నారు. కండక్టరు "అమ్మా, ఇగ ఊకో, బస్సు తియ్యాలె" అని బతిమాలాడు. పెద్దమనిషి గొణుక్కుంటూ లేచి ముందుకెళ్లాడు. అత్తను కిటికీ పక్కన కూర్చోబెట్టి, నేను రొప్పుతూ మధ్యలో కూర్చున్నాను. ఇంకా రెండు మాటలు మిగిలిపోయాయని బాధగా ఉంది.

మామూలుగా నేనిలా లొల్లి పెట్టుకుంటే మా ఆయన సిగ్గుతో పక్కకు తిరిగి, నేనెవరో తెలియనట్టు నిలబడతాడు. ఈసారి తిరగలేదు, వచ్చి నా పక్కన కూర్చున్నాడు. నన్నే చూస్తున్నాడు. చాలా దూరం పోయొచ్చిన మనిషిని బస్టాండులో దించుకోవడానికి వచ్చినవాడిలా చూస్తున్నాడు.

"అచ్చినవా?" అన్నాడు.

ఎక్కడి నుంచి అని నేనడగలేదు. ఇన్ని నెలలూ ఒక్క మాట అనకుండా ఈ మనిషి నా కోసం ఎదురు చూస్తున్నాడని అప్పుడు తెలిసింది.

"అచ్చిన," అన్నాను. "జర అటు జరుగు, గింత జాగ నీకొక్కనికేనా?"

ఆయన నవ్వుతూ జరిగాడు.